చివరి కార్డుకు ముందు

మా ఆవిడ మెట్రిక్ పరీక్షకు కట్టింది చదువు మీద మోజుతో కాదు. రాజాంకి రెండు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో, ఒక సావుకారు నడిపే ఎయిడెడ్ బడిలో ఆమె ఆరేళ్ళుగా ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతోంది. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. టీచర్లు దొరకని రోజుల్లో అది సరిపోయింది. అరవైల చివరికి వచ్చేసరికి మెట్రిక్ ప్యాసై, ట్రైనింగు కూడా పూర్తి చేసి, పని లేక తిరిగేవాళ్ళు ఊరికి నలుగురు తయారయ్యారు. ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు బడి పుస్తకంలో ఒక వాక్యం రాసిపోయాడు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే నాటికి ఈమె మెట్రిక్ ప్యాసైన కాగితం చూపించాలి, లేకపోతే ఆ చోటు అర్హత ఉన్నవారికి ఇవ్వాలి. మా ఇంట్లో ఆ సంవత్సరమంతా ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది.

తెలుగన్నా సాంఘికశాస్త్రమన్నా ఆమెకు భయం లేదు. ఇంగ్లీషు బట్టీ పట్టింది. లెక్కలే లొంగలేదు. బడి నుంచి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు పిల్లల పలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఎదురెదురుగా వచ్చే రైళ్ళ లెక్కలు చేసేది. నన్ను అడిగితే నాకూ రావు. ప్రూఫు దిద్దడం వచ్చినంత మాత్రాన లెక్కలు వస్తాయా? పక్కన కూర్చుని పుస్తకం వెనక ఉన్న జవాబుతో సరిచూసేవాణ్ణి, అంతే.

ఆమెకు ఒక్కడే అన్న. నాకు ముందు స్నేహితుడు, తర్వాత బావ. విజయనగరంలో ఒక ప్రెస్సులో అతను కంపోజిటరుగా, నేను ప్రూఫులు దిద్దేవాడిగా నాలుగేళ్ళు పనిచేశాం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలుగా పేర్చడం కంపోజిటరు పనిలో సగమే. అచ్చయిపోయాక ఆ వరసలు విప్పి, ఒక్కో అక్షరాన్నీ దాని గడిలో తిరిగి వేయడం మిగతా సగం. చాలామంది ఆ రెండో సగాన్ని వాయిదా వేసేవారు. ఇతను వేసేవాడు కాదు. అక్షరాల వరసలు బిగించిన ఫారం మిషను మీంచి దిగిందంటే, చేతులైనా కడుక్కోకుండా విప్పడం మొదలుపెట్టేవాడు. ప్రెస్సు యజమాని ఇతన్ని చూపించి మిగతావాళ్ళని తిట్టేవాడు. పని అయిపోయిన వస్తువు పనిచోట ఉండకూడదన్నది అతని చేతులకు పట్టిన అలవాటు. మా ఇంటికి భోజనానికి వచ్చినా అంతే, ఉప్పు గిన్నె అలమారలోకి వెళ్ళిపోయేది.

"ఓరన్నియ్యా, ఇంకా మజ్జిగ పొయ్యనేదు, ఉప్పెక్కడెట్టీసినావు?" అని మా ఆవిడ కేకలేసేది.

"దాని సోటులో అదున్నాది. నీ కళ్ళే సోటులో నేవు," అనేవాడు.

తర్వాత నేను ఒక దినపత్రికకు విలేఖరిగా రాజాం వచ్చాను. అతను విశాఖలో ఒక పెద్ద కార్యాలయంలో కుదిరాడు. అక్కడికి కొత్తగా కంప్యూటరు తెచ్చారు. టైపు ఏరిన వేళ్ళు కావడంతో, కార్డులకు కన్నాలు వేసే మిషను మీద అతని చెయ్యి తొందరగా కుదిరింది. రెండేళ్ళు తిరిగేసరికి కంప్యూటరు గదిలోకే వెళ్ళాడు.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళి చూపించాడు. చెప్పులు బయట విప్పించారు. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో నాకు చలి వేసింది. బీరువాల్లాంటి పెట్టెలు నాలుగున్నాయి. వాటిలో ఒకటి కార్డుల కట్టను గబగబా మింగేది, ఇంకొకటి వెడల్పాటి కాగితం మీద గోలగా అచ్చువేసేది. నాకు అర్థమయ్యే భాషలో చెప్పాలని అతని తాపత్రయం.

"బావా, ఇదీ మన ప్రెస్సే అనుకో. ప్రోగ్రామంటే బిగించిన ఫారం. రాసినోడు మాటల్లో రాస్తాడు. ఆ మాటలు ఈ మిషనుకి తెల్దు. ఓపాలి దీని సేతే దీని బాసలోకి మార్పించి, కార్డుల మీద కన్నాలు కొట్టించుకుంతాం. అదిగో, ఆ కట్ట. ఇంక రోజూ ఆ కట్టే ఎక్కిస్తాం."

"అందులో తప్పుంటే?"

"మొదట్లో రాసిన మాటలు దిద్ది మళ్ళీ మార్పించాల. పూటంతా పట్టీస్తాది. అంత తీరిక లేనప్పుడు ఇంకో దారున్నాది."

ఆ దారి ఇదీ. కట్టలోని కార్డులు వరసగా యంత్రం జ్ఞాపకంలోకి వెళతాయి. ఏ కార్డు మీది సంగతి ఎక్కడ కూర్చోవాలో ఆ కార్డు మీదే ఉంటుంది. అన్నిటికన్నా చివరి కార్డు, ఇక పని మొదలుపెట్టమని చెబుతుంది. ఆ చివరి కార్డుకు ముందు కొత్త కార్డు ఒకటి దూర్చవచ్చు. అప్పటికే లోపల కూర్చున్న ఒక అంకెను అది చెరిపి, ఆ స్థలంలో ఇంకో అంకె పెడుతుంది. వెంటనే చివరి కార్డు వెళుతుంది, పని మొదలవుతుంది. కట్టలో ఉన్నది పాత అంకె, నడిచేది కొత్త అంకెతో. దూర్చిన కార్డుని వాళ్ళు ప్యాచీ అనేవారు. బట్టకు వేసే మాసికన్నమాట.

మా ప్రెస్సులోనూ ఇలాంటిది ఉండేది. అచ్చు సగంలో ఉండగా ఏదైనా మారితే మిషను ఆపి, ఫారం కట్లు వదులు చేసి, ఒక వరస పీకి ఇంకో వరస పెట్టేవాళ్ళం. అయితే ఆ కొత్త వరస సీసంలో అలాగే ఉండేది. మార్పుకు ముందు అచ్చయిన కాగితం, తర్వాత అచ్చయిన కాగితం పక్కపక్కన పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

"మరి ఇక్కడ?" అని అడిగాను.

"మిషనులో ఉన్నంతసేపే. ఇంకో పనికి ఇంకో కట్ట ఎక్కిస్తే మొత్తం సెరిగిపోద్ది. మన కట్టలో ఎప్పట్లాగే పాతదే ఉంతాది. ఒక్క గీతైనా పడదు."

ఆ రోజు నాకది ముచ్చటగానే అనిపించింది.

మా ఆవిడ పరీక్ష రాసిన ఏడు, ప్రైవేటుగా కట్టినవాళ్ళ పరీక్షా ఫలితాలను, మొదటిసారిగా, పరీక్షలవాళ్ళు ఆ యంత్రానికి అప్పగించారు. కలకత్తా నుంచి ఒకాయన వచ్చి ప్రోగ్రాము రాసి, యంత్రం భాషలోకి మార్పించి, ఆ కట్టనూ, అచ్చువేసిన ఒక ప్రతినీ ఇక్కడ వదిలి, తాను మాటల్లో రాసుకున్న కార్డులు తనతో పట్టుకుపోయాడు. ప్రతి సబ్జెక్టులోనూ ముప్పై అయిదు వస్తే ప్యాసు. పేపర్లు దిద్దడం అయ్యాక తెలిసింది, లెక్కల ప్రశ్నపత్రంలో ఒక లెక్కే తప్పని. దానికి జవాబు లేదు. అందరికీ మార్కులు కలపడం కన్నా, లెక్కల్లో మాత్రం ముప్పై వస్తే చాలునని పెద్దలు అనుకున్నారట. ఇలాంటి నిర్ణయాలు బయటికి పొక్కకూడదు కనుక కాగితం మీద పెట్టరు. కంప్యూటరు ఆఫీసరుకి ఫోనులో చెప్పారు. మాటల్లో రాసిన కార్డులు చేతిలో లేవు కాబట్టి, ఆఫీసరు మా బావని పిలిచి ఒక ప్యాచీ కార్డు కొట్టమన్నాడు. లెక్కల దగ్గర ముప్పై అయిదు స్థానంలో ముప్పై.

ఇవన్నీ అతను బయట చెప్పకూడనివి. ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం.

"ఏటే, సావుకారి బళ్ళో కుర్సీ ఇంక నీదే. నీ నెంబరు సూసినాను. ప్యాసు లిస్టులో ఉన్నాది."

"నిజిమేనా అన్నియ్యా? లెక్కలెంతొచ్చినాయి?"

"ముప్పై రెండు."

మా ఆవిడ ముఖం మాడిపోయింది. "ముప్పై రెండొస్తే ప్యాసేటి? ఎగతాళికొచ్చినావా ఇంత దూరం?"

అప్పుడు చెప్పాడు తప్పు లెక్క సంగతీ, కార్డు సంగతీ. ఆమె వెంటనే నమ్మలేదు. ఆ లెక్క ఏదో తనకు తెలుసంది. దాని మీద ముప్పావుగంట పోయిందట, చివరికి కొట్టేసి ఏడుపు మింగుకుని తర్వాత దానికి వెళ్ళిందట.

"నా మీద ఒట్టెయ్యి."

"ఒట్టెందుకే పిచ్చిదానా, నా సేత్తో కొట్టినాను, నా సేత్తో ఎట్టినాను ఆ కార్డు."

అప్పుడు పొట్లం విప్పింది. మర్నాడు బడికి వెళ్ళి, సెలవుల్లో తాళం వేసి ఉన్న గది తీయించి, వచ్చే ఏడాదికి కావలసిన అట్టలబొమ్మలు సరిచేసుకు వచ్చింది. ఫలితం ఇంకా బయటికి రాలేదు కాబట్టి ఎవరికీ చెప్పకు అని నేను అంటే, నేనెవరికి చెప్పాను, బొమ్మలకి చెప్పాను అంది.

పది పన్నెండు రోజుల తర్వాత ఫలితాలు పత్రికలో పడ్డాయి. ఆ రోజుల్లో పత్రిక కట్ట రైలు మీద చీపురుపల్లి దాకా వచ్చి, అక్కడి నుంచి మొదటి బస్సు టాపెక్కి రాజాం వచ్చేది. మామూలు రోజుల్లో ఏజెంటూ నేనూ తప్ప దానికోసం ఎదురుచూసేవాళ్ళు ఉండరు. ఆ రోజు బస్టాండు నిండా జనం. క్లీనరు కట్ట విసిరాడో లేదో పైన పడ్డారు. నాకు ఒక కాపీ చిక్కింది. తలపాగా చుట్టుకున్న ఒక రైతు, చేతిలో చెమటకి తడిసిన కాగితం ముక్క పెట్టుకుని, నా భుజం తట్టాడు.

"బాబూ, మా వోడిది ఈ నెంబరు సూడు. సంతకెళ్ళిపోవాల."

ముందు ఆయన నంబరే చూశాను. లేదు. "లేదు మావా" అన్నాను. "మళ్ళీ సూడు" అన్నాడు. మళ్ళీ చూశాను. ఆయన కాగితం ముక్క మడిచి తలపాగాలో దోపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మాది చూశాను. ముందు నంబరు ఉంది. తర్వాత నంబరు ఉంది. మధ్యలో లేదు. అంకెల ప్రూఫులు చూసి చూసి పండిన కళ్ళు నావి. మూడోసారి చూడనవసరం లేదని తెలిసీ చూశాను. అచ్చుతప్పై ఉండాలని కోరుకోవడం ప్రూఫులు దిద్దే మనిషికి కొత్త. ఆ రోజు కోరుకున్నాను. పోస్టాఫీసుకి వెళ్ళి పత్రిక ఆఫీసుకి ట్రంకాల్ బుక్ చేసి రెండు గంటలు కూర్చున్నాను. డెస్కులో ఉన్న మనిషి తమకు పంపిన జాబితా తీసి చూసి చెప్పాడు. అందులోనూ లేదు.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నా ముఖం చూసింది. పత్రిక తీసుకుని, చాప మీద పరిచి, వేలు పెట్టి తానే వెతికింది.

"అన్నియ్య సూసినానన్నాడు కదా," అంది. 

మర్నాడు మధ్యాహ్నం బావ దిగాడు. వస్తూనే పత్రికవాళ్ళ మీద మండిపడ్డాడు. "మీ పేపరోళ్ళకి కళ్ళున్నాయేటి? నెంబరే మింగీసినారు!" పత్రికది కాదు, పంపిన జాబితాలోనే లేదని చెప్పాను. నమ్మలేదు. నేను అడగడం మొదలుపెట్టాను. అడగడమే నా వృత్తి. ఆ రోజు ఆ పని చేయకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

"నువ్వు చూసిన జాబితానే పంపారా?"

"అదే. కాదు, రెండోసారి తీసింది పంపినారు."

"రెండోసారి ఎందుకు తీశారు?"

"కాయితం పక్కకి జారిపోనాది. ఆఖర్న నాలుగు పేజీలు అంచుల్లో అంకెలు తెగిపోనాయి. ఆఫీసరు సూసి, ఇలాటిది పంపకూడదు, మొత్తం మళ్ళీ తియ్యి అన్నాడు. ముందుది కాల్చీసినాం. పరీచ్చ కాయితాలు కదా, బయట పడకూడదు."

"రెండిటికీ మధ్య నువ్వేం చేశావు?"

"ఏటి సేస్తాను? బోయినానికెళ్ళినాను."

"వెళ్ళేముందు?"

"కట్ట దించినాను. దించి..."

అక్కడ ఆగిపోయాడు. నాకన్నా ముందు మా ఆవిడకి అర్థమైంది. మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నదల్లా నెమ్మదిగా కింద కూర్చుంది.

"ప్యాచీ కార్డు తీసి దాని డబ్బాలో ఎట్టీసినాను," అన్నాడు. "అన్నం తిని వచ్చినాను. కట్ట ఎక్కించినాను."

"మరి యంత్రం ఏమీ అనలేదా?"

"ఏటంతాది బావా? కట్ట సక్కగున్నాది. ఆఖరి కార్డు దాని సోటులో ఉన్నాది. సదివీసింది. పేజీలన్నీ ముత్యాల్లా వచ్చినాయి. ఆఫీసరు సెబాసన్నాడు."

 తర్వాత అతను తన చెల్లెలివైపు చూడకుండా అన్నాడు. "నీ ఒక్కదానికే కాదే. ముప్పైకీ ముప్పై అయిదుకీ మజ్జిలో ఎంతమందున్నారో, అందరూ పోనారు."

నాకు తలపాగా రైతు గుర్తొచ్చాడు. అతని కొడుక్కి లెక్కల్లో ఎంత వచ్చిందో నాకు తెలియదు. పదే వచ్చి ఉండవచ్చు. తెలుసుకునే దారి లేదు.

మర్నాడే ఇద్దరం విశాఖ వెళ్ళాం. ఆఫీసరు మంచివాడు. అది ముందే చెప్పాలి. కోపంగా ఉండి ఉంటే నాకు పోట్లాడ్డానికైనా ఒకటి దొరికేది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బావ చెప్పిందంతా విన్నాడు. ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పేది నేను నమ్ముతున్నాను," అన్నాడు. "కానీ నేను పైవాళ్ళకి ఏం చూపించను?"

బావ లేచి వెళ్ళి డబ్బాలోంచి ఆ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు దాన్ని తీసుకోలేదు.

"ఈ కార్డు తాను ఉన్నానని చెబుతుంది. ఆ మధ్యాహ్నం కట్టలో ఉందో లేదో చెబుతుందా?" తర్వాత నావైపు తిరిగి, ప్రోగ్రామంతా అచ్చువేసి ఉన్న మందపాటి కాగితాల పుస్తకం తెరిచి చూపించాడు. "ఇదిగో, లెక్కలు. ముప్పై అయిదు. కట్టలో కూడా ముప్పై అయిదే. ఎవరొచ్చి చూసినా ఉన్నది ఇదే. మొదటిసారి నడిచింది ముప్పైతో అన్నది ఇతనూ నేనూ చెప్పుకోవడమే. ఆ జాబితా కాల్చేశాం. యంత్రంలో ఇప్పుడు స్టోర్స్ వాళ్ళ పని నడుస్తోంది."

"ముప్పై చేయమని మీకు ఫోను చేసినవాళ్ళు ఉన్నారు కదండీ," అన్నాను.

"మీరు రాకముందే, పత్రికలో చూడగానే నాకూ అనుమానం వచ్చి చేశాను. ఉత్తీర్ణుల శాతం తక్కువగా కనిపించింది. ఫలితాలు ప్రకటించేశాం, ఇప్పుడు కదిపితే యంత్రానికి ఎందుకిచ్చారని అడుగుతారు, పోయినవాళ్ళకి సెప్టెంబరు ఉంది కదా అన్నారు. మీ ఆవిడ కూడా సెప్టెంబరులో రాయవచ్చు."

బడి తెరిచేది జూన్‌లో అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఏ బడి అని అడగలేదు.

బావ ఒక తెల్ల కాగితం అడిగాడు. జరిగింది జరిగినట్టు రాసిస్తానన్నాడు.

"రాసిస్తే నీ ఉద్యోగం పోతుంది. అది మాత్రం ఖాయం," అన్నాడు ఆఫీసరు. "ఫలితం మారుతుందని నేను చెప్పలేను."

"పోతే పోద్ది సార్. మళ్ళీ టైపు ఏరుకుంతాను."

వద్దనాలని నాకు అనిపించింది. రాయమనాలనీ అనిపించింది. అతనికి ముగ్గురు ఆడపిల్లలు. ఇంటి దగ్గర మా ఆవిడ.  అతను రాశాడు. కంపోజిటరు చెయ్యి, కొట్టివేత లేకుండా పేజీన్నర రాసి సంతకం పెట్టాడు. ఆఫీసరు నిలబడే చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితం ఏమైందో మాకు ఎప్పటికీ తెలియలేదు. పైకి వెళ్ళలేదు, వెనక్కి రాలేదు. అతని ఉద్యోగం పోలేదు. ఫలితం మారలేదు. అతను అడిగినప్పుడల్లా ఆఫీసరు "చూద్దాం" అనేవాడట. కొన్నాళ్ళకి ఆయనకు బదిలీ అయింది.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "రాసిచ్చినాడా? నువ్వు సూస్తా కూకున్నావా? ఆడి కూడు పోతే నా కుర్సీ తిరిగొస్తాదేటి?"

 ఆమె కోసం వెళ్ళి ఆమె అన్నకు అపాయం తెచ్చి వచ్చానన్నది నిజమే.

ఇక మిగిలింది సావుకారు. రాజాం బజారులో ఆయనకు బియ్యం కొట్టు. బస్తాల మధ్య చెక్క కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"కూకో బాబూ. ఏటి, మీ ఆవిడ ప్యాసయిందా?"

కాలేదనీ, అయినట్టేననీ చెప్పడానికి ప్రయత్నించాను. ఎంత జాగ్రత్తగా చెప్పినా, చెబుతున్నకొద్దీ నాకే అది అబద్ధంలా వినబడింది. బావ పేరు ఎత్తకూడదు, ఫోను సంగతి ఎత్తకూడదు. అవి రెండూ తీసేస్తే అందులో మిగిలేది ఏమీ లేదు.

"అయితే మిషను తప్పు సేసిందంతావు."

"మిషను కాదండీ. మిషనులో పెట్టవలసిన కార్డు పెట్టలేదు."

"ఎవులు పెట్టనేదు?"

అది చెప్పలేనన్నాను. ఆయన బియ్యం గుప్పెట్లోకి తీసుకుని, మెరికలు ఏరి పారేస్తూ అన్నాడు. "సూడు బాబూ, నువ్వు పేపరోడివి. ఎవుడో వొచ్చి, మా ఇంటిది ప్యాసయింది గానీ పేపర్లో పడనేదు, ఎందుకో సెప్పను, ఎవులో సెప్పను అంటే, నువ్వు రాస్తావేటి?"

నేను రాయను. అంతకుముందు రెండు రోజులు ఆ వార్తను నాలుగు విధాల రాసి చూసుకున్నాను కూడా. ప్రతిసారీ డెస్కువాళ్ళు అడగబోయే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. చెప్పిందెవరు? బావ. నష్టపోయిందెవరు? భార్య. ఆధారమేమిటి? చెరిగిపోయింది. ఇన్నేళ్ళుగా వేరేవాళ్ళు నా దగ్గరికి తెచ్చిన ఇలాంటి గోడుల్ని, ఆధారం లేదని చెప్పి, నేను గుమ్మంలోంచే పంపించాను. వాటిలో ఎన్ని నిజాలో అప్పుడు ఆలోచించలేదు.

"బళ్ళో గుంటలకి ఆవిడంటే పేణం. నాకు తెల్దేటి?" అన్నాడు సావుకారు. "ఇనస్పెట్టరు రాసీసి ఎల్లిపోనాడు. కాయితం ముక్క తెచ్చీ, రేపే కూకోబెడతాను. నేదంటే నా బడికి గ్రాంటు ఆగిపోద్ది. నేనేటి సెయ్యగలను, నువ్వే సెప్పు."

ఆయన చేయగలిగింది లేదు. ఆ వేసవిలో నేను కలిసిన వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

మా ఆవిడ సెప్టెంబరులో మళ్ళీ రాసింది. లెక్కల్లో యాభై దాటాయి. అప్పటికి ఆ కాగితంతో పని లేదు. తర్వాత చుట్టుపక్కల బళ్ళలో ఎక్కడ ఖాళీ వచ్చినా ట్రైనింగు అయిందా అని అడిగేవారు.

అంతకు ముందు, ఆ జూన్‌లో బడి తెరిచిన రోజు ఆమె నన్ను కూడా రమ్మంది. ఎందుకని అడగలేదు. వెళ్ళేసరికి కొత్త టీచరమ్మ వచ్చి ఉంది. పాలకొండ వైపు అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, సర్టిఫికెట్ల సంచి చంకలో పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. లోపలికి వెళ్ళడానికి మొహమాటపడుతోంది. మా ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. హాజరుపట్టీ ఇచ్చింది. సుద్దముక్కల డబ్బా ఎక్కడుందో చూపించింది. పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఎవరు ఎవరో ఒక్కొక్కరినీ చూపించి చెప్పసాగింది. నేను కిటికీ బయట ఉన్నాను.

"ఆ మూల గుంటడికి ఎడం సెవి ఇనబడదు, ముందు కూకోబెట్టు. ఆ పిల్లని తిడితే బళ్ళోకి మరి రాదు, తిట్టకు. రెండో తరగతోళ్ళకి ఎక్కాలు తొమ్మిది వరకూ వొచ్చు, ఎనిమిదో ఎక్కం దగ్గర తడబడతారు."

ఆ అమ్మాయి అన్నిటికీ తల ఊపింది. చివరికి ఉండబట్టలేక అడిగింది. "మీరెందుకు మానేస్తన్నారండీ?"

"మెట్రిక్ పోయిందమ్మా. లెక్కల్లో."

"అయ్యో. ఎన్ని మార్కుల్లో అండీ?"

"మూడు."

"మూడు మార్కులకేటి! గ్రేసు కలపనేదా అండీ?"

మా ఆవిడ కిటికీ వైపు చూడలేదు.

"నేదమ్మా," అంది. తర్వాత నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, కింద సగం మాత్రమే రాయాలని, పైన రాస్తే వెనక వరసవాళ్ళకి ఎండ పడి కనిపించదని ఆమెకు చూపించింది.